నేలపని చాకిరియా, సేవయా?

నేటాలులోని మన ఆంధ్రుల యిండ్లలో తరతరములుగా వినవచ్చు మాట యొకటి కలదు. "బాగుగా చదువుకొనుము, లేనిచో చెరకుతోటలో పార పట్టవలసి వచ్చును" అని తాతలు తండ్రులకు, తండ్రులు మనకు చెప్పిరి. ఆ మాట వలన కలిగిన మేలు చిన్నది కాదు. ఉపాధ్యాయులు, వైద్యులు, న్యాయవాదులు, నర్సులు, గుమాస్తాలు మన కుటుంబములనుండి బయలుదేరిరి. అయితే ఆ హితవులో ఒక తీర్పు కూడ దాగియున్నది. పార పట్టుట ఓడిపోయినవాని పని యనియు, మట్టి అంటని చేయియే గెలిచిన చేయి యనియు ఆ తీర్పు.

ఇప్పుడు మనలో కొన్ని కుటుంబములు, చదువుకొన్నవారే, ఉద్యోగము లున్నవారే, ఎకరము రెండెకరముల నేల సంపాదించి, భార్యాభర్తలు బిడ్డలు కలిసి కూరలు, పండ్లు, గింజలు పండించుకొనుచున్నారు. భూమాతను సేవించుట దైవకార్యమని వారందురు. చూచువారిలో కొందరు నవ్వుదురు. కొందరు నిజముగానే బాధపడుదురు. "మన ముత్తాతలు వీపు వంచి విడిపించుకొన్న చేతులను మరల మట్టిలో పెట్టుటయా?" అని ఒక పెద్దమనిషి ఆలయ ప్రాంగణములో నన్నడిగెను. ఆయన ప్రశ్న తోసివేయదగినది కాదు. నేను పండితుడను కాను. శనివారపు మధ్యాహ్నములందు ఆలయ పాఠశాలలో అక్షరములు దిద్దినవాడను. అయినను నాకు తోచిన విధమున ఆ ప్రశ్నను విచారింపదలచితిని.

మొదట చాకిరి యనగా నేమో తెలిసికొనవలెను. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి దర్బను రేవు చేరెను. 1911లో కూలీల రాక నిలిచిపోవువరకు 1,52,000 మందికి పైగా ఈ తీరమున దిగిరి. వారిలో మూడింట రెండు వంతులవారు మద్రాసు రేవునుండి వచ్చినవారే. విశాఖపట్టణము, గోదావరి, నెల్లూరు, చిత్తూరు సీమల మనవారు వారిలో నుండిరి. సాధారణముగా ఒడంబడిక 5 సంవత్సరములు. మొదటి యేట నెలకు 10 షిల్లింగులు, తరువాత ఏటేట ఒక్కొక్క షిల్లింగు పెంపు. బియ్యము, పప్పు, ఉప్పు, నూనె కొలిచి యిచ్చుట. చీటి లేనిదే తోట దాటరాదు. పనికి రాని దినమునకు జీతము కోత.

ఈ వివరములను మన పిల్లలకు చెప్పునపుడెల్ల నాకొక సంగతి స్పష్టమగుచుండును. వారి బాధకు మూలము మట్టి కాదు. గోదావరి తీరమున అదే మనుష్యుడు అంతకంటె ఎక్కువ యెండలో దున్నియుండవచ్చును. ఇక్కడ అతడు పోగొట్టుకొన్నది వేరు. ఏమి నాటవలెనో, ఎప్పుడు నాటవలెనో, ఎప్పుడు విశ్రమింపవలెనో, పండినది ఎవరు తినవలెనో, ఈ నాలుగింటిలో ఒక్కటియైనను అతని చేతిలో లేదు. పని యొక్క బరువు వలన చాకిరి యేర్పడదు. పనిని గూర్చి నిర్ణయించుకొను హక్కు పోవుట వలన నేర్పడును. పంకా క్రింద కుర్చీలో కూర్చుండి చేయు పని కూడ చాకిరి కావచ్చును. ఈ మాటకు మన గుమాస్తా సోదరులు కొందరు తల యూపుదురని నా నమ్మకము.

దీనికి చరిత్రయే సాక్ష్యము. ఒడంబడిక తీరిన మనవారు మొట్టమొదట ఏమి చేసిరి? పారను విసరివేసిరా? లేదు. తమకై తాము తవ్వుకొనిరి. కౌలుకు చిన్న చిన్న చెక్కలు తీసికొని మొక్కజొన్న, పొగాకు, వంగ, బెండ, మెంతికూర, కొత్తిమీర పండించిరి. ఉమ్గేని నది ప్రక్కనున్న స్ప్రింగ్‌ఫీల్డ్ పల్లములోను, కేటో మేనరు కొండలపైనను, క్లేర్‌వుడ్‌లోను కూరమడులు పరచుకొనెను. తెల్లవారక మునుపే గంపలు మోసికొని దర్బను అంగడికి పోయెడివారు. భర్త తవ్వగా భార్య కలుపు తీసెడిది, పిల్లలు బడికి పోవుటకు ముందు నీరు మోసెడివారు. వారిని నేలనుండి తరుముటకు ప్రభుత్వము చేయని యత్నము లేదు. 1895 చట్టము మరల ఒడంబడిక చేసికొనని వానిపై ఏటికి 3 పౌనుల పన్ను విధించెను. 3 పౌనులనగా 60 షిల్లింగులు. మొదటి యేటి కూలి లెక్కన సరిగా ఆరు నెలల జీతము! 1913 సమ్మె తరువాత, 1914లో గాని ఆ పన్ను పోలేదు. అటుపిమ్మట 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టము వచ్చెను. కేటో మేనరునుండియు, నదీతీరపు మడులనుండియు వేలకొలది కుటుంబములను లేపి, 1960ల నుండి ఛాట్స్‌వర్త్‌కును, 1970లలో ఫీనిక్సుకును తరలించిరి. కొండవాలున వరుసలుగా కట్టిన చిన్న యిండ్లు. ఇంటి వెనుక మంచము వేసినంత నేల. ఆ నేలలో కూడ మన అవ్వలు కరివేపచెట్టు, మునగచెట్టు నాటిరి. మా నాయనమ్మ నాటిన మునగ నేటికిని కాయుచున్నది.

కావున "మన పూర్వులు పారను విడిచిపెట్టిరి" అనుట చరిత్రకు విరుద్ధము. వారు దానిని స్వేచ్ఛకు గుర్తుగా పట్టుకొనిరి. చట్టము వచ్చి దానిని వారి చేతినుండి లాగివేసెను. మట్టిపని అవమానమను భావము ఆ లాగివేత తరువాత మనలో బలపడినదని నా యూహ. పోయినదానిని తక్కువచేసి చెప్పుకొనుట మానవ స్వభావము గదా!

ఇక శాస్త్రదృష్టితో చూతము. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నమును బ్రహ్మముగా భావింపుమని బోధించును. అన్నమును తూలనాడవలదనియు, దానిని సమృద్ధిగా చేయుమనియు అందు వ్రతములుగా విధింపబడినది. సమృద్ధిగా చేయుమన్న మాట నాకు మిక్కిలి యిష్టము. దానిని మంత్రముగా చదివి ఊరకుందుమా, చేతితో ఆచరింతుమా? మన పోతనామాత్యుడు రాజాశ్రయమును కాదని సేద్యముతో జీవించెనని జనశ్రుతి. భాగవతము వ్రాసిన చేయియు, నాగలి పట్టిన చేయియు ఒక్కటే యనుటకు మన పెద్దలు సిగ్గుపడలేదు. అది గొప్పగానే చెప్పుకొనిరి.

మన కన్నులయెదుటనే ఇంకొక ఉదాహరణము కలదు. 1904లో గాంధీగారు జొహన్నెస్‌బర్గునుండి దర్బనుకు రైలులో వచ్చుచు రస్కిను వ్రాసిన పుస్తకమును చదివిరి. కొలది దినములలోనే ఫీనిక్సు వద్ద 100 ఎకరములు 1,000 పౌనులకు కొనిరి. ముద్రణాలయము చుట్టునున్న నేలను మూడేసి యెకరముల చెక్కలుగా పంచిరి. ఒక్కొక్కరికి నెలకు 3 పౌనులు. (చట్టము పీల్చుచున్న 3 పౌనులను, ఈ 3 పౌనులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు.) 1910లో కాలెన్‌బాక్ దొర యిచ్చిన 1,100 ఎకరములలో టాల్‌స్టాయ్ పొలము వెలసెను. మారిషసులో పుట్టిన తంబి నాయుడు ఆ పొలములో పారిశుద్ధ్యపు పనిని, అంగడి పనిని చూచెడివాడు. బండ్లు నడిపించి నలుగురిలో పేరు పొందినవాడు, మరుగుదొడ్ల పని తనదనెను. అది చాకిరి యందుమా? తాను కోరి తీసికొన్న పనికి ఆ పేరు సరిపడదు. తరువాతి కాలమున గాంధీగారు గీతలోని మూడవ అధ్యాయపు యజ్ఞమును ఈ శరీరశ్రమతో ముడిపెట్టి వ్యాఖ్యానించిరి. ఆ వ్యాఖ్యను అందరు పండితులు ఒప్పుకొనరు. నాకు మాత్రము అది సబబుగానే తోచును.

ఇంతవరకు సులభము. పుస్తకములలో సేవ, చాకిరి వేరువేరుగా కనబడును. రెండెకరముల చెక్కలో అవి రెండును ఒకే గట్టుపై కలిసి నడచును. మా తమ్ముని కుటుంబమును చూచి నేను దీనిని తెలిసికొంటిని.

వెరూలమునకు దగ్గరగా మా తమ్మునికి అత్తవారి వలన వచ్చిన రెండెకరములు కలవు. చిరకాలము చెరకు పండిన నేల. మా మరదలు నర్సు. తమ్ముడు లెక్కలు వ్రాయు ఉద్యోగి. ఇద్దరును ఉద్యోగము మానలేదు. పొలముతోనే బ్రదుకుచున్నామని వారు చెప్పుకొనరు కూడ. వారు అనుసరించునది పెర్మాకల్చర్ అను పద్ధతి. 1970లలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనువారు దీనికి రూపు దిద్ది, 1978లో తొలి గ్రంథము ప్రకటించిరి. నిలుకడ గల సేద్యమని మనము చెప్పుకొనవచ్చును. భూమిని కాపాడుట, మనుష్యులను కాపాడుట, మిగిలినదానిని పంచుకొనుట అను మూడు నీతులపై అది నిలిచియున్నది. మా నాయనమ్మ వినియుండిన "దీనికి పుస్తకమెందుకురా?" అనియుండును.

చెరకు ఒక్కటే ఏండ్లతరబడి పండిన నేల గట్టిపడి, పుల్లబారి యుండెను. మొదటి యేడు వారు అచ్చట నాటినది చాలవరకు కంది. కంది వేరు లోతునకు దిగి నేలను చీల్చును, గాలిలోని నత్రజనిని మట్టికి చేర్చును, ఆకు రాలి ఎరువగును. పైగా మనకు పప్పు. వాలునకు అడ్డముగా కందకములు త్రవ్వి, తీసిన మట్టితో దిగువను గట్లు కట్టి, గట్లపై అరటి, బొప్పాయి, మునగ నాటిరి. కూరమడులను గోతిమడులుగా చేసిరి. తొడలోతు గోయి త్రవ్వి, అడుగున ఎండుకొమ్మలు, గడ్డి, ఎముకలు, పేడ వరుసలుగా వేసి పైమట్టి కప్పుట ఆ పద్ధతి. ఇది ఎచ్చటినుండియో దిగుమతి యైనది కాదు. మన నేటాలులోనే ఎడెండేల్ ప్రాంతమున రాబర్ట్ మజిబుకో అను జూలూ పెద్ద జీవితకాలమంతయు ప్రజలకు నేర్పినది. ఒకసారి త్రవ్విన గోతిమడి కొన్ని యేండ్లు తేమను నిలుపుకొనును.

2022 ఏప్రిలులో మన రాష్ట్రమును ముంచిన వానలు అందరికిని జ్ఞాపకమే. 400 మందికి పైగా ప్రాణములు పోయెను. ఆ రాత్రి వారి పై కందకములు రెండు నిలిచెను, క్రిందిది తెగెను. తెగినచోట మెంతిమడులన్నియు కొట్టుకొనిపోయెను. పద్ధతి మంచిదైనంత మాత్రమున ప్రకృతి మనకు మొగమాటపడదు.

మన పండుగలకును ఈ నేలకును గల పేచీని కూడ అక్కడనే నేను చక్కగా గ్రహించితిని. ఏరువాక పున్నమ జ్యేష్ఠములో, అనగా ఇచ్చట చలికాలపు ఎండు దినములలో వచ్చును. విత్తుటకు చుక్క నీరుండదు. మన వానలు అక్టోబరు మొదలు మార్చి వరకు. ఉగాది నాటికి మామిడి కాపు ముగిసియుండును. మా తమ్ముడు తొలివాన కురిసిన వారమునందే పారలకు, కొడవళ్లకు పసుపు కుంకుమ పెట్టి ఏరువాక చేయును. పంచాంగము మార్చు నధికారము నీకెవరిచ్చిరని ఒక బంధువు అడిగెను. వాన యిచ్చినదని అతడు బదులు చెప్పెను. ఆ జవాబులో కొంత పొగరున్నది. కాని నాకు నచ్చినది.

ఇప్పుడు అసలు చిక్కులకు వత్తును. మొదటిది పిల్లలు. కొడుకునకు 16 ఏండ్లు, కూతురునకు 11. శనివారము తెల్లవారగానే కలుపు తీయవలెను. ఒకనాడు ఆ పిల్ల నాతో "పెదనాన్నా, మన ముత్తాతకు సర్దారు ఉండెనని చెప్పితివి గదా, నాకు నాన్న సర్దారు" అనెను. నవ్వితిని గాని ఆ మాట ముల్లువలె గుచ్చుకొనెను. నేను పైన చెప్పిన కొలతతో కొలిచినచో ఆ పిల్ల మాట నిజమే. ఏమి నాటవలెనో, ఎప్పుడు విశ్రమింపవలెనో ఆమె చేతిలో లేదు. తండ్రికి అది సేవ, బిడ్డకు అదే చాకిరి. టాల్‌స్టాయ్ పొలములో కూడ పిల్లలు అప్పుడప్పుడు పని తప్పించుకొనుచుండిరని గాంధీగారే వ్రాసికొనిరి. మహాత్ముని వద్దనే అట్లుండగా మా తమ్ముడెంత?

దీనిని గూర్చి అన్నదమ్ములము చాలసేపు వాదించితిమి. బడిలో లెక్కలు నేర్చుటకు కూడ పిల్లల అనుమతి నడుగము గదా యని అతని వాదము. అది బలమైన వాదమే. నేనును ముప్పది యేండ్లుగా అడుగక నేర్పుచున్నవాడనే. కాని లెక్కలు నేర్చినవాని చేతికి లెక్కలు వచ్చును. కలుపు తీసినవాని చేతికి ఏమి వచ్చును? తుదకు మా మరదలు ఒక యుపాయము చెప్పెను. "బావగారూ, మీరిద్దరును వాదించుచుండగా మడులలో కలుపు పెరుగుచున్నది" అని, పిల్ల లిద్దరికిని తలకొక మడి పంచియిచ్చెను. అందు ఏమి నాటుటయో, అమ్ముటయో, పంచుటయో, బీడుపెట్టుటయో వారి యిష్టము. పెద్దమడులలో మాత్రము వారమునకు రెండు గంటలు, అందరితో సమముగా. కొడుకు తన మడిలో మిరప వేసి అమ్మి డబ్బు దాచుకొనుచున్నాడు. కూతురు తన మడిని మూడు నెలలు బీడు పెట్టెను. ఎవ్వరును ఏమియు అనలేదు. నాలుగవ నెలలో ఆమెయే బంతి నారు వేసి, పెరటాసి శనివారములకు గోవిందుని దండలకు పూవులు తెచ్చెను.

రెండవ చిక్కు కోతులు. మన ప్రాంతపు వెర్వెట్ కోతులను గూర్చి తోట యున్నవారికి నేను చెప్పనక్కరలేదు. ఒక పూటలో మొక్కజొన్న వరుస మాయమగును. ఇంటిలో హనుమంతుని పటమునకు హారతి యిచ్చి, బయట హనుమంతుని జాతిపై రాయి విసరుట యెట్లు? పిల్లలు అడిగిరి, ఆలయ పురోహితుని అడిగినను నిశ్చయమైన జవాబు రాలేదు. పంటను కాపాడుకొనుట గృహస్థధర్మమే, ప్రాణిని హింసింపకుండుటయు ధర్మమే. రెండును ఒక్క కంకిపై పోరాడుచున్నవి. వారు చేసినది మధ్యేమార్గము. పొలము అంచున, కోతులు దిగు చెట్లవైపున, మల్బరీలు, జామలు నాటి వానిని లెక్కలోనుండి తీసివేసిరి. ఇంటికి దగ్గరగా వలక్రింద మొక్కజొన్న, టమాట. బయట కోతి ముట్టని చేమ, మిరప, ఉల్లి. నత్తలకు మాత్రము బాతులను తెచ్చిరి. నత్త ప్రాణము ప్రాణము కాదా యని నేనడుగగా, మా తమ్ముడు బాతునడుగుమనెను. సేద్యములో పూర్ణమైన అహింస లేదు. అంగడిలో కొన్న కూరలోను లేదు; అచ్చట మనకది కనబడదంతే.

మూడవ చిక్కు అన్నిటికంటె బరువైనది. ఆ నేల ఎవరిది? మన దస్తావేజులో మన పేరున్నది. చెరకుతోటకు ముందు అక్కడ జూలూల పశువులు మేసినవి. 1913 భూమిచట్టము ఈ దేశపు నల్లవారికి దేశములో సుమారు 7 శాతము నేల మాత్రమే మిగిల్చెను. 1936లో దానిని 13 శాతమునకు పెంచిరి. మనలను కేటో మేనరునుండి లేపిన అన్యాయమును మనము మరువము. మన కంటె ముందు లేపబడినవారిని తలచుకొనుట మనకు కొంచెము కష్టము. 1949 జనవరి, 1985 ఆగస్టు, 2021 జూలై అని చెప్పిన చాలును, మన రెండు జాతులకును ఒళ్లు జలదరించును. 1985లో గాంధీగారి ఫీనిక్సు ఆశ్రమమే కాలిపోయెను; దానిని మరల కట్టి 2000లో తెరచిరి. భూమాత యను మాట నోట పలుకుచు, ఆ తల్లి తక్కిన బిడ్డలను చూడకుండ కంచె వేసికొన్నచో అది భక్తి యగునా?

పొలము దిగువను ఒక జూలూ వృద్ధురాలు నివసించుచున్నది. చేమ నాటుట మా మరదలికి నేర్పినది ఆమెయే. వారు అమదూంబే యనునది మన చేమదుంపయే. వారి ఇంబూయా మన తోటకూరకు చుట్టమే. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే గుంటలో నాటుట ఆమె తల్లి నాటి అలవాటు. వీరు పుస్తకములో చదివి నేర్చినది ఆమె నడచుచు చూపించెను. విత్తనములు ఇటునటు మారుచున్నవి, కూరలును. 2021 జూలైలో అంగళ్లు మూతపడి రొట్టె దొరకని వారములో రెండిండ్లును ఒక కుండలోనే చేమ ఉడికించుకొనిరి.

అయినను ఇరుగుపొరుగు స్నేహము వేరు, కూలి వేరు. రెండెకరముల పని ఇద్దరు ఉద్యోగుల వలన తీరదు. వారమునకు మూడు దినములు ఒక యువకుడు వచ్చును. ఇద్దరు బిడ్డల తండ్రి. 2019 నుండి అమలులోనున్న కనీస వేతన చట్టము ప్రకారము జీతమిచ్చుచున్నారు. నాకు మాత్రము ఒక శంక పుట్టెను. కుటుంబమునకు ఆ తవ్వకము ఆరాధనము, అతనికి? నూటయరువది యేండ్ల క్రింద దొర చెరకు తియ్యదనమును, మన ముత్తాత దాని యాకు కోతను అనుభవించినట్లు, ఇక్కడ మనము పుణ్యమును, అతడు నడుము నొప్పిని పంచుకొనుచున్నామా? ఈ మాట తమ్మునితో ఒక సాయంకాలము చెప్పితిని. అతడు కోపగించుకొనలేదు. తానును రాత్రులు ఆలోచించుచున్నానని చెప్పెను.

మరునాడు అతడు ఆ యువకుని పిలిచి, "కాగితముపై వ్రాసి యిత్తును. అర ఎకరము నీవు తీసికొనుము. నీకు తోచినది పండించుకొనుము. నాకు పాలు అక్కరలేదు" అనెను. నిర్ణయించు హక్కును పంచుకొనుట యని అతని యుద్దేశము. అది నా కొలతకును సరిపోయెను. ఆ యువకుడు కొంతసేపు పార కర్రపై చేయి వేసి నిలుచుండెను. తరువాత జూలూలో మెల్లగా చెప్పిన దానికి అర్థమిది: "నేల నాకు వద్దయ్యా. నేల యున్నచో నేనిక్కడనే ఉండిపోవలెను. దాని బదులు జీతము కొంచెము పెంచుము. నా పిల్లలు బాగుగా చదువుకొనవలెను."

మా తమ్ముడు జీతము పెంచెను.